బావపై పోటీ.. అనంత తొలి తీర్పు
భూస్వామి ఇంట పుట్టి పేదల ఓటుతో శాసనసభకు వెళ్లిన తరిమెల నాగిరెడ్డి

అనంతపురం: ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతి పౌరునికీ ఓటుహక్కు లభించిన తరువాత అనంతపురం శాసనసభ స్థానానికి జరిగిన తొలి ఎన్నిక అది. 1952 జనవరిలో మద్రాసు రాష్ట్రమంతటా పోలింగు జరిగింది. ఈ ఒక్క స్థానంపై మాత్రం రాష్ట్రమంతటి దృష్టీ నిలిచింది. ఒకవైపు ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడు, మద్రాసు మంత్రివర్గంలో అప్పటికే పనిచేసిన నీలం సంజీవరెడ్డి. మరోవైపు అంతవరకు ఏ చట్టసభ గడపా తొక్కని కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి. ఇద్దరూ బావాబావమరుదులు. ఇద్దరివీ నాలుగు ఊళ్లలో మాట చెల్లే కుటుంబాలు. ఓట్లు లెక్కించిన తరువాత శాసనసభకు వెళ్లింది బావమరిది, ఇంటి దారి పట్టింది బావ. ఆనాటికి నాగిరెడ్డి వయసు ముప్పై అయిదేళ్లు కూడా నిండలేదు.

కలిగిన ఇంట పుట్టి..

నాగిరెడ్డి 1917 ఫిబ్రవరి 11న తరిమెలలో జన్మించారు. ఈ గ్రామం నేడు శింగనమల మండలంలో ఉన్నది. వందల ఎకరాల సేద్యం, పాలేర్లు, పశుసంపద గల ఇల్లు అది. అటువంటి ఇళ్ల పిల్లలు ఆ రోజుల్లో ఊరి బడిలో నాలుగు ముక్కలు నేర్చి, ఆపై గ్రామ పెత్తనంలో కుదురుకోవడమే ఆనవాయితీ. నాగిరెడ్డి విషయంలో అలా జరగలేదు. మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ పాఠశాలలో చదివారు. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల నీడలో నడిచిన ఆ బడి నుంచి మద్రాసు లయోలా కళాశాలకు, అక్కడి నుంచి కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. కాశీలో విద్యార్థి సంఘానికి అధ్యక్షునిగా ఎన్నికయ్యారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన యువకులతో పరిచయం, మార్క్సిస్టు గ్రంథాల పఠనం ఆయనను కమ్యూనిస్టు ఉద్యమంవైపు మళ్లించాయి.

చదువు ముగించుకుని తిరిగివచ్చిన యువకుని ముందు రెండు దారులున్నాయి. నల్లకోటు వేసుకుని కచేరీ మెట్లెక్కడం ఒకటి, తాతతండ్రుల భూమిని చూసుకోవడం రెండోది. ఆయన మూడో దారి పట్టారు. అనంతపురంలో పార్టీ పనిలో దిగారు. తన వాటాకు వచ్చిన భూమిని పేదలకు వదులుకున్నారు. జిల్లాలో ఆయన పేరు చెప్పగానే పెద్దలు ముందుగా ప్రస్తావించేది నేటికీ ఈ సంగతినే.

తరిమెల ఈ జిల్లాకు మరొకరినీ ఇచ్చింది. ఆంధ్రప్రభ వారపత్రికకు సంపాదకత్వం వహించి, పెన్నేటి పాట కావ్యంలో సీమ కరవును కళ్లకు కట్టిన విద్వాన్ విశ్వం ఈ ఊరివారే. నాగిరెడ్డి కంటే వయసులో ఏడాదికి పైగా పెద్ద. సంస్కృత పాండిత్యం గల ఆ కవి, ఆంగ్ల విద్య చదివిన ఈ రైతుబిడ్డ కలిసి నవ్య సాహిత్య మాల పేరుతో చిన్న పుస్తకాలు ప్రచురించే ప్రయత్నానికి పూనుకున్నారు. ముద్రణాలయాలు అరుదైన, అక్షరాస్యులు మరీ అరుదైన జిల్లాలో ఈ పని ఎంత సాహసమో ఊహించవచ్చు.

చిన్న పుస్తకం.. పెద్ద శిక్ష

1939లో యూరప్‌లో యుద్ధం మొదలైంది. భారతీయులను అడగకుండానే బ్రిటిష్ ప్రభుత్వం ఈ దేశాన్ని యుద్ధంలోకి దింపింది. ధరలు పెరిగాయి. యుద్ధ నిధికి చందాలు గుంజే పని గ్రామాధికారులపై పడింది. 1940లో నాగిరెడ్డి యుద్ధము, దాని ఆర్థిక ప్రభావాలపై ఒక చిన్న పుస్తకం వెలువరించారు. యుద్ధానికి మూల్యం చెల్లించేది ఎవరు, లాభపడేది ఎవరన్నది అందులోని విషయం. ప్రభుత్వం దానిని సహించలేదు. ఆయనకు జైలుశిక్ష పడింది. మరుసటి సంవత్సరం భారత రక్షణ నిబంధనల కింద మళ్లీ నిర్బంధించారు.

స్వాతంత్య్రం సమీపించిన వేళ కూడా జైలు గోడలు ఆయనను వదలలేదు. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో కమ్యూనిస్టులపై తెచ్చిన ఆర్డినెన్సు కింద మరోమారు అరెస్టయ్యారు. ఆపై 1948 నుంచి దేశమంతటా కమ్యూనిస్టులపై తీవ్ర నిర్బంధం సాగింది. మద్రాసు రాష్ట్రంలో పార్టీని నిషేధించారు. కార్యకర్తలు అజ్ఞాతంలోకి వెళ్లారు. ఎందరో జైళ్లలో మగ్గారు. 1951 ఆఖరుకు నామినేషన్ల వేళ వచ్చేసరికి ఆ పార్టీ అభ్యర్థులలో పలువురు ఇంకా కటకటాల వెనుకనో, వారంట్ల నీడలోనో ఉన్నారు. ప్రజాస్వామ్యం తొలి అడుగు వేసినది ఈ స్థితిలోనే అన్న సంగతి నేడు చాలామందికి గుర్తుండదు.

గంజి కేంద్రాల నడుమ ఎన్నిక

ఆ ఎన్నికను అర్థం చేసుకోవాలంటే ముందు ఆ సంవత్సరాల అనంతపురాన్ని తలచుకోవాలి. నాటి జిల్లాలో హిందూపురం, కదిరి, ధర్మవరం కూడా భాగమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే మంచి సంవత్సరమని సంతోషించే నేల ఇది. రెండు రుతుపవనాలూ దయతలచకుండా దాటిపోయే చోటు. 1950 మొదలు వరుసగా వానలు ముఖం చాటేశాయి. చెరువులు నెర్రెలిచ్చాయి. బావులలో నీరు అడుగంటింది. పశువులకు మేత లేక రైతులు వాటిని అయినకాడికి అమ్ముకున్నారు. రాయలసీమ అంతటా గంజి కేంద్రాలు వెలిశాయి. 1952లో బావులు లోతు చేసేందుకు సైనికులను సైతం రప్పించవలసి వచ్చింది.

కరవుకు తోడు కంట్రోళ్లు. యుద్ధకాలంలో మొదలైన ఆహారధాన్యాల నియంత్రణ ఇంకా కొనసాగుతున్నది. పండించిన రైతు లెవీ పేరిట ధాన్యం అప్పగించాలి. కూలివాడు రేషను కొట్టు ముందు వరుసలో నిలవాలి. లెవీ వసూలుకు వచ్చే అధికారిని చూస్తే రైతుకు కోపం, రేషను చాలక కూలికి కోపం. ఇద్దరి కోపమూ అధికార పక్షంపైకే మళ్లింది. రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలైన తరువాత ఈతచెట్లను నమ్ముకున్న గీత కుటుంబాలు బతుకుతెరువు కోల్పోయాయి. ఆ నిషేధపు శాఖను చూసిన మంత్రి సంజీవరెడ్డే. నూలు ధరలకు తాళలేక ధర్మవరం, తాడిపత్రి, ఉరవకొండ మగ్గాలు సగం రోజులు మూగబోయేవి.

భూమి సంగతి వేరుగా చెప్పుకోవాలి. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీలను రద్దు చేస్తూ చట్టం చేసింది. కోస్తాలో అది పెద్ద మార్పు. దత్తమండలాలలో మాత్రం దాని ప్రభావం స్వల్పం. 1800లో నిజాం నుంచి ఈ ప్రాంతం కంపెనీ చేతికి వచ్చాక కలెక్టరు థామస్ మన్రో ఇక్కడ రైత్వారీ విధానాన్ని పాదుకొల్పారు. జమీందారు లేడు కనుక రద్దు చేయడానికీ ఏమీ లేదు. అయినంత మాత్రాన భూమి అందరికీ పంచినట్లు కాదు. పట్టా ఉన్న పెద్దరైతు, మునసబు, కరణం కలిస్తే ఊరు వారిదే. చట్టం రద్దు చేసిన జమీందారు లేని ఊళ్లలో చట్టానికి కనబడని దొర మిగిలాడు. నాగిరెడ్డి పుట్టిన ఇల్లు కూడా అటువంటిదే. తాను వచ్చిన తరగతిపైనే ఆయన ఓటు అడిగారు. ఇది సామాన్యమైన విషయం కాదు.

ఒక ఇల్లు.. రెండు జెండాలు

ప్రత్యర్థిని తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు. నీలం సంజీవరెడ్డి నేటి గార్లదిన్నె మండలం ఇల్లూరులో 1913లో జన్మించారు. అనంతపురం ప్రభుత్వ కళాశాలలో చదువుతూ 1931లో చదువు విడిచి స్వాతంత్య్రోద్యమంలో దూకారు. 1940 నుంచి 1945 వరకు ఎక్కువ కాలం జైలులోనే గడిపారు. 1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. రాజ్యాంగ నిర్ణయ సభలో సభ్యులుగా ఉన్నారు. కుమారస్వామి రాజా మంత్రివర్గంలో మద్యనిషేధం, గృహనిర్మాణం, అటవీ శాఖలు నిర్వహించారు. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఆచార్య ఎన్.జి.రంగాపై పోటీచేసి నెగ్గారు. పదవి, పరపతి, త్యాగం మూడూ ఉన్న అభ్యర్థి ఆయన.

రెండు ఊళ్లూ పక్కపక్క మండలాలలోనివి. రెండు కుటుంబాల నడుమ వియ్యం ఉన్నది. పెళ్లిపందిట్లో పక్కపక్కన కూర్చునే ఇద్దరు ఎన్నికల పందిట్లో ఎదురెదురు నిలిచారు. చిక్కు అంతటితో ఆగలేదు. సంజీవరెడ్డి సోదరుడు నీలం రాజశేఖరరెడ్డి స్వయంగా కమ్యూనిస్టు నాయకుడు. అంటే ఇల్లూరు నీలంవారి ఇంట్లోనే కాంగ్రెస్ జెండా ఒకరిది, ఎర్రజెండా మరొకరిది. బంధుత్వాలు ఓట్లను నిర్ణయిస్తాయని నమ్మే జిల్లాలో బంధువులు ఎటు ఓటు వేయాలో తేల్చుకోలేని ఎన్నిక ఇది. రాయలసీమలో తరువాతి కాలంలో రాజకీయ వైరం ఇళ్లకు నిప్పు పెట్టే స్థాయికి దిగజారింది. సిద్ధాంతం పేరిట సొంత బావతో తలపడిన ఈ పోరు ఓట్లపెట్టెతోనే ముగిసింది.

కాంగ్రెస్ ఇంటి పరిస్థితి కూడా ఆ ఏడు బాగాలేదు. అధ్యక్ష ఎన్నికలో ఓడిన రంగా బయటకు వెళ్లి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. ప్రకాశం పంతులు కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో చేరారు. నిన్నటివరకు ఒక్క వేదికపై కూర్చున్నవారు మూడు వేదికలెక్కి ఒకరినొకరు దుయ్యబట్టుకున్నారు. ఆ చీలిక లాభం కమ్యూనిస్టులకు దక్కింది. అయితే అనంతపురంలో ఫలితాన్ని చీలిక ఖాతాలోనే వేయడం పొరపాటు. కరవులో గంజి కోసం నిలబడిన జనానికి తమ కోసం ఆస్తి వదులుకున్న మనిషి ఎదురుగా కనిపించాడు.

పెట్టెపై గుర్తు

1946 వరకు ఓటు అందరిదీ కాదు. పన్ను కట్టేవారికి, కొంత చదువు ఉన్నవారికి, ఆస్తిపరులకే ఆ భాగ్యం. కూలివాడు, పాలేరు, వారి ఇంటి ఆడవారు ఓటరు జాబితాలో కనిపించేవారు కారు. 1952లో ఆ గోడ కూలింది. దేశంలో 17 కోట్లకు పైగా ఓటర్లు. వారిలో అత్యధికులు సంతకం రానివారు. వారికోసం ఎన్నికల సంఘం ఒక సులభమైన పద్ధతి ఎంచుకున్నది. నేటివలె కాగితంపై ముద్ర వేయడం గానీ, మీట నొక్కడం గానీ లేదు. అభ్యర్థికొక ఇనుప పెట్టె. పెట్టెపై అతని గుర్తు. రూపాయి నోటంత కాగితాన్ని ఓటరు చేతికిస్తారు. తెరచాటుకు వెళ్లి నచ్చిన పెట్టెలో దానిని వేసి రావాలి. ఎడమచేతి చూపుడువేలిపై సిరా గుర్తు.

ఈ పద్ధతిలో లోపం లేకపోలేదు. కాగితంపై ఏ గుర్తూ ఉండదు కనుక దానిని పెట్టెలో వేయకుండా జేబులో పెట్టుకుని బయటకు తెచ్చి అమ్ముకునే వీలుండేది. దేశంలో పలుచోట్ల ఇది జరిగిందని ఎన్నికల అధికారులే గుర్తించారు. 1957 తరువాత ఈ పెట్టెల పద్ధతికి స్వస్తి పలికారు. అయినా తొలిసారి ఓటు వేసిన పేదకు ఆ తెరచాటు ఒక కొత్త అనుభవం. రెడ్డి చూడడు, కరణం చూడడు. ఏ పెట్టెలో వేశాడో పైవాడికే ఎరుక. ఊరంతా ఎదుట చేతులు కట్టుకుని నిలిచే మనిషికి, ఎవరి కంటా పడకుండా ఒక నిర్ణయం తీసుకునే అవకాశం బహుశా అదే మొదటిది.

కాంగ్రెస్ గుర్తు కాడికట్టిన ఎద్దుల జత. కమ్యూనిస్టు పార్టీకి కంకి కొడవలి. కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి గుడిసె. మేత లేక ఎద్దులను సంతకు తోలిన ఏడు, చేలలో కంకి కనబడని ఏడు ఈ గుర్తులే పోటీపడటం కాకతాళీయమే.

మంత్రులు ఓడారు

లెక్కింపు పూర్తయ్యేసరికి మద్రాసు రాష్ట్రంలో అధికార పక్షం తల్లడిల్లింది. 375 స్థానాల సభలో కాంగ్రెస్‌కు 152 దక్కాయి. కమ్యూనిస్టులు 62 స్థానాలతో రెండో పెద్ద పక్షంగా నిలిచారు. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా ఓడిపోయారు. బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు వంటి హేమాహేమీలు ఓడారు. అనంతపురంలో సంజీవరెడ్డి ఓడారు. ఆంధ్ర ప్రాంతంలోని 140 స్థానాలలో కాంగ్రెస్‌కు 40 రాగా కమ్యూనిస్టులకు అంతకంటే ఒకటి ఎక్కువ వచ్చింది. మూడేళ్లుగా పోలీసులు వెంటాడిన పార్టీ ఇది.

ప్రకాశం పంతులు నాయకత్వాన ప్రతిపక్షాలు ఐక్య కూటమిగా ఏర్పడి ప్రభుత్వం ఏర్పాటుకు సిద్ధమని ప్రకటించాయి. గవర్నరు శ్రీప్రకాశ మాత్రం రాజాజీని పిలిచారు. ఎన్నికలలో పోటీచేయని రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి 1952 ఏప్రిల్ 10న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. కమ్యూనిస్టులే తన ప్రథమ శత్రువులని ఆయన శాసనసభలోనే చాటారు. సభకు కొత్తగా వచ్చిన నాగిరెడ్డికి చట్టసభ తొలి పాఠం ఇదే. ఓట్లు ఎక్కువ రావడం వేరు, అధికారం దక్కడం వేరు. ఈ పాఠం ఆయన మనసులో ఎంత లోతుగా నాటుకున్నదో పదిహేడేళ్ల తరువాత గానీ బయటపడలేదు.

సంజీవరెడ్డి ప్రస్థానం ఓటమితో ఆగలేదు. అదే ఏడు రాజ్యసభకు వెళ్లారు. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తరువాత 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడగా ప్రకాశం మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రి అయ్యారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. సొంత జిల్లా కేంద్రంలో ఓడిన నాలుగేళ్లు పది నెలలలోపే రాష్ట్రానికి అధిపతి కావడం ఆయన పట్టుదలకు నిదర్శనం.

గెలుపోటముల నడుమ

కమ్యూనిస్టుల హవా ఎక్కువ కాలం సాగలేదు. 1955 ఫిబ్రవరిలో జరిగిన మధ్యంతర ఎన్నికల్లో ప్రత్యర్థులంతా ఒక్కటయ్యారు. 196 స్థానాల ఆంధ్ర శాసనసభలో ఆ పార్టీకి 15 మాత్రమే మిగిలాయి. సుమారు 31 శాతం ఓట్లు వచ్చినా సీట్లు రాలేదు. మూడేళ్ల కిందట చీలిక ఎవరిని ముంచిందో, ఈసారి ఐక్యత వారినే తేల్చింది.

నాగిరెడ్డి 1957లో అనంతపురం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఢిల్లీలో అయిదేళ్లు గడిపారు. ఆంగ్లంలో అనర్గళంగా, అంకెలతో సహా మాట్లాడగలిగిన సభ్యునిగా పేరు తెచ్చుకున్నారు. 1962లో పుట్లూరు నుంచి రాష్ట్ర శాసనసభకు వచ్చారు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు ఆయన మార్క్సిస్టు పార్టీవైపు వెళ్లారు. నీలం రాజశేఖరరెడ్డి పాత పార్టీలోనే ఉండిపోయారు. ఒక్క జెండా కింద ఉన్న బంధువులు కూడా ఇలా వేరయ్యారు. 1967లో నాగిరెడ్డి తాను తొలిసారి గెలిచిన అనంతపురం నుంచే మార్క్సిస్టు అభ్యర్థిగా మళ్లీ నెగ్గారు. అదే ఏడాది మార్చిలో సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకరు అయ్యారు.

పదిహేడేళ్లకు వీడ్కోలు

ఆ 1967లోనే ఉత్తర బెంగాల్‌లోని నక్సల్బరీలో రైతుల తిరుగుబాటు జరిగింది. దాని ప్రకంపనలు ఆంధ్రను తాకాయి. 1968 జనవరిలో పాలకొల్లులో జరిగిన మార్క్సిస్టు పార్టీ రాష్ట్ర ప్లీనంలో అధిక సంఖ్యాకులు కేంద్ర నాయకత్వపు పత్రాన్ని తిరస్కరించారు. బర్ద్వాన్‌లో జరిగిన అఖిల భారత ప్లీనంలో విభేదం తేటతెల్లమైంది. నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్య పార్టీని వీడి విప్లవకారుల సమన్వయ సంఘాన్ని ఏర్పరిచారు.

1969 మార్చిలో నాగిరెడ్డి శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. మౌనంగా కాగితం పంపి ఊరుకోలేదు. సభలోనే తన కారణాలు వివరించారు. భూసంస్కరణల మాటలు ఏళ్ల తరబడి సాగుతున్నా భూమి పేదకు దక్కలేదని, సభలో చర్చలు ప్రజల సమస్యను తీర్చడం లేదని, ఇకపై ప్రజల మధ్యకే వెళ్తానని ఆ ప్రసంగ సారాంశం. ఆయన నిర్ణయంతో ఏకీభవించేవారు, విభేదించేవారు నేటికీ ఉన్నారు. తెరచాటున కాగితం వేసి ఆయనను సభకు పంపిన పేద ఓటరుకు ఆ రాజీనామా ఏమి మిగిల్చిందన్న ప్రశ్న కూడా అడగదగినదే. అయితే పదవిని వదులుకోవడంలో ఆయన నిజాయితీని ప్రత్యర్థులు సైతం శంకించలేదు.

అదొక విచిత్రమైన సంవత్సరం. మార్చిలో బావమరిది శాసనసభను వీడగా, జూలైలో బావ రాష్ట్రపతి పదవికి పోటీచేసేందుకు స్పీకరు పదవిని వీడారు. ఆగస్టులో వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. ఒకరు ఎన్నికల మీద నమ్మకం పోయి వెళ్లారు, మరొకరు సొంత పార్టీ నాయకురాలి మద్దతు లేక ఓడారు.

సాయుధ పోరాటాన్ని సమర్థించినప్పటికీ నాగిరెడ్డి చారుమజుందార్ మార్గాన్ని అంగీకరించలేదు. వ్యక్తులను హతమార్చడం విప్లవం కాదని, భూమి సమస్యపై ప్రజలను కదిలించకుండా ఏదీ నిలవదని ఆయన వర్గం వాదించింది. అందువల్ల ఒకవైపు ప్రభుత్వానికి, మరోవైపు సాటి విప్లవకారులకు కూడా కంటగింపయ్యారు. 1969 ఆఖరులో మద్రాసులో అరెస్టయ్యారు. హైదరాబాదు కుట్ర కేసు పేరుతో ఆయనపైనా, సహచరులపైనా విచారణ సాగింది.

బోను నుంచి పుస్తకం

నిందితులు సాధారణంగా కోర్టులో తమపై అభియోగాలను కాదంటారు. నాగిరెడ్డి మరో పని చేశారు. జైలులో కూర్చుని దేశ ఆర్థిక స్థితిపై ఒక సుదీర్ఘ వాంగ్మూలం రాశారు. విదేశీ పెట్టుబడి, విదేశీ రుణాలు, వ్యవసాయ రంగం, భూసంస్కరణల వైఫల్యం అందులోని విషయాలు. ప్రభుత్వ నివేదికలలోని అంకెలనే తీసుకుని ప్రభుత్వాన్ని ప్రశ్నించారు. 1940లో యుద్ధ ఖర్చులపై చిన్న పుస్తకం రాసి జైలుకెళ్లిన యువకుడు, మూడు దశాబ్దాల తరువాత జైలులో కూర్చుని పెద్ద పుస్తకం రాశాడు. మొదటి దానికి తెల్లవారు శిక్ష వేశారు, రెండోది నల్లవారి జైలులో పుట్టింది. ఆయన మరణానంతరం 1978లో అది ఆంగ్లంలో గ్రంథరూపం దాల్చింది. తెలుగులో తాకట్టులో భారతదేశం పేరుతో వెలువడింది.

బెయిలుపై విడుదలైన తరువాత మళ్లీ ఉద్యమ నిర్మాణంలో మునిగారు. 1975లో దేవులపల్లి వెంకటేశ్వరరావుతో కలిసి విప్లవకారుల ఐక్యతా కేంద్రాన్ని స్థాపించారు. ఆ ఏడాది జూన్ 25న అత్యవసర పరిస్థితి విధించారు. ఆయన అజ్ఞాతంలోకి వెళ్లారు. వయసు అరవైకి చేరువవుతున్నది. ఆరోగ్యం దెబ్బతిన్నది. అజ్ఞాతంలో ఉండగానే 1976 జూలై 28న హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో కన్నుమూశారు. పెద్దమనుషుల పిల్లలు చదివే బడిలో చదివి, పార్లమెంటులో కూర్చుని వచ్చిన మనిషి, పోలీసుల కంట పడకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రాణం విడిచారు.

ఆ తరువాత ఏడాదికి 1977 మార్చి ఎన్నికల్లో కాంగ్రెస్ దేశమంతటా కుప్పకూలగా, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాలకు 41 గెలుచుకున్నది. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున నెగ్గినది నీలం సంజీవరెడ్డి. జూలై 25న ఆయన రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. బావమరిది తొలి వర్ధంతికి అప్పటికి సరిగ్గా మూడు రోజులు ఉన్నది.